మూడో శిబిరంలో చీకటి

"అన్యాయం! పచ్చి అన్యాయం!"

లమీస్ చేతిలోని కంట్రోలర్‌ని సోఫా మీదికి విసిరింది. టీవీ తెర నల్లబడింది. ఫ్యాన్ ఆగింది. వంటగదిలో వాషింగ్ మెషీన్ ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది.

మళ్లీ బ్రేకర్ పడిపోయింది.

సర్కారు కరెంటు పొద్దున రెండు గంటలు వచ్చి పోయింది. ఇక మిగిలింది వీధి చివర అబూ నదీమ్ నడిపే జనరేటర్. దాని నుంచి ఇంటికి ఐదు ఆంపియర్లే. అంతకంటే ఒక్క పిసరు ఎక్కువ వాడినా, కింద మెట్ల దగ్గరున్న బ్రేకర్ టప్పున పడుతుంది. ఎవరో ఒకరు నాలుగు అంతస్తులు దిగి దాన్ని పైకెత్తి రావాలి.

"ఆఖరి శిబిరం గుమ్మం దాకా వెళ్లానమ్మా! అంతా పోయింది!"

"ఏం పోయింది? ఇల్లు పోయిందా, వాకిలి పోయిందా?" అంది అమ్మ సల్వా, తడి చేతులు తుడుచుకుంటూ.

"శిబిరానికి చేరితేగానీ ఆట సేవ్ అవదు. మధ్యలో కరెంటు పోతే, దాటిన వంతెనలన్నీ మళ్లీ దాటాల్సిందే!"

"అయితే ఆ ఆట చేసినవాళ్లు మన సైదా ఊళ్లో ఒక్క రోజు కూడా ఉండలేదన్నమాట. వెళ్లు, బ్రేకర్ ఎత్తిరా. వచ్చాక ఆట కట్టెయ్. రేపటికి నీ యూనిఫాం ఉతకాలి."

లమీస్‌కి ఒళ్లు మండిపోయింది. ఆమె ఆడేది ఊరికే కాదు. వాడిన వస్తువు ఏదైనా తీసుకుని, దాని మంచీ చెడూ రాసుకు రమ్మన్నారు స్కూల్లో మిస్ రీమా. బాగా రాసినవాళ్ల కాగితం గోడపత్రికలో పెడతారు. లమీస్ 'బూడిద నగరం' గురించి రాస్తానంది. ప్రపంచమంతా కాలిపోయాక, ఒకమ్మాయి బ్యాటరీలు మోసుకుంటూ ఏడు శిబిరాల్లో దీపాలు వెలిగించే ఆట అది.

"ఆఖరి దాకా ఆడావా?" అని అప్పుడే అడిగాడు జాద్, వెనక బెంచీలోంచి.

"కొంచెం మిగిలింది."

"సగం తిని, వంట బాగాలేదని చెప్పేదానివన్నమాట!"

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

బ్రేకర్ ఎత్తి, రొప్పుతూ పైకి వచ్చింది లమీస్. అమ్మ స్నానాల గదిలో బట్టలు నానబెడుతోంది. వాషింగ్ మెషీన్, ఫ్యాన్, ఫ్రిజ్, టీవీ. ఈ నాలుగింటిలో ఒకటి ఆగితే చాలు, బ్రేకర్ పడదు.

ఆమె చూపు ఫ్రిజ్ మీద ఆగింది.

'అరగంటే కదా' అనుకుంది. ప్లగ్ లాగేసింది.

వాషింగ్ మెషీన్ గిరగిరా తిరిగింది. టీవీ వెలిగింది. బ్రేకర్ పడలేదు.

"చూశావా! ఇవాళ అబూ నదీమ్ కరెంటు దిట్టంగా ఉంది!" అంది అమ్మ మురిసిపోతూ. ఆట మాట మళ్లీ ఎత్తలేదు.

అరగంట గడిచింది. ఇంకో అరగంట. చూస్తుండగానే మూడు గంటలు దాటాయి. కూలిన వంతెనలు, బూడిద తుపాను, వెంటపడే ఇనుప తోడేళ్లు. చివరికి ఏడో శిబిరం ఇనుప తలుపు ఎదురైంది. అది తెరుచుకోవాలంటే ఇంకో బ్యాటరీ కావాలి. చేతిలో లేదు. దగ్గరి దారిలో వెనక్కి పరిగెత్తి, మూడో శిబిరంలో తాను పెట్టిన బ్యాటరీనే పీకి తెచ్చింది. తలుపు తెరుచుకుంది. ఆట పూర్తయింది!

"గెలిచాను!" అని ఎగిరి గంతేసింది.

అప్పుడే వాకిలి చప్పుడైంది. రెండో అంతస్తు ఉమ్ ఫాయెజ్. ఆమెకు షుగరు. జనరేటర్ కనెక్షన్ పెట్టించుకునే స్తోమత లేదు. అందుకే ఆమె ఇన్సులిన్ డబ్బా వీళ్ల ఫ్రిజ్‌లో ఉంటుంది. ఆ డబ్బా కోసం ఆమె కొడుకు బేరూత్‌లో మూడు రోజులు మందుల షాపుల చుట్టూ తిరిగాడు.

"బాగున్నావా తల్లీ" అంటూ ఆమె వంటగదిలోకి వెళ్లింది. మరుక్షణం కేక వినిపించింది.

"సల్వా! ఇది వెచ్చగా ఉందేమిటే?"

లమీస్‌కి ప్లగ్ గుర్తొచ్చింది. అమ్మ పరిగెత్తింది. ఫ్రిజ్‌లో చల్లదనం లేదు. లబ్నే పెరుగు గిన్నెకు చెమట పట్టింది. ఐసు కరిగి నేల మీద మడుగు కట్టింది.

"అబూ నదీమ్!" అమ్మ పళ్లు కొరికింది. "మధ్యలో కరెంటు ఆపి ఉంటాడు, దొంగ!"

రెండే అంగల్లో బాల్కనీ చేరింది. ఉమ్ ఫాయెజ్ ఆమె వెనకే నడిచింది. వంటగది ఖాళీ అయింది. లమీస్ వంగి ప్లగ్ పెట్టేసింది. ఫ్రిజ్ బుర్రుమంది.

బాల్కనీలో యుద్ధం మొదలైంది.

"అబూ నదీమ్! నీకు దేవుడంటే భయం లేదా? ముసలావిడ మందు పాడుచేస్తావా?"

కింద జనరేటర్ షెడ్డులోంచి బట్టతల ఒకటి పైకి లేచింది. "నేనా? ఒక్క సెకను ఆపితే ఒట్టు!"

"మా ఇంట్లోనూ పోయింది!" అంది ఎదురింటి బాల్కనీ.

"మాకైతే రోజూ పోతుంది!" అంది ఇంకో కిటికీ.

"మీది పోతే మీ బ్రేకర్ చూసుకోండి! పొద్దున్నుంచీ ఈ వేడిలో డీజిలు వాసన పీలుస్తున్నది నేను!"

అటు నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు. వీధంతా అబూ నదీమ్ మీద పడింది. లమీస్ బాల్కనీ గుమ్మం దగ్గరే ఆగింది. ఇంతమంది అరిచాక ఎలా చెప్పడం?

ఉమ్ ఫాయెజ్ మాత్రం అరవలేదు. మందుల షాపుకి ఫోన్ చేసింది. వివరాలన్నీ అడిగాక షాపాయన ఈసారికి పాడవలేదన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకుంది. తర్వాత డబ్బాని చల్లటి నీళ్ల సీసాతో కలిపి గుడ్డలో చుట్టింది.

"ఎక్కడికి ఉమ్ ఫాయెజ్?" అంది అమ్మ.

"మా చెల్లెలింటికమ్మా. వాళ్లకి సోలార్ ఉంది. ఈ జనరేటర్‌ని నమ్ముకోలేను."

"రోజూ రెండు వ్యాన్లు మారి అక్కడిదాకా వెళ్తారా? ఈ మోకాళ్లతో?"

"ఏం చేస్తాం. నీ తప్పేం లేదులే."

ఆమె గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టింది.

లమీస్ టేబుల్ దగ్గర కూర్చుంది. కాగితాన్ని రెండు భాగాలు చేసి, గబగబా రాసేసింది.

మంచి: గాలి చప్పుడు నిజంగా ఒళ్లు జలదరించేలా ఉంటుంది. గోడలెక్కడం భలే ఉంటుంది. తోడేళ్లను గుద్ది కాదు, బుర్రతో గెలవాలి.

చెడు: మధ్యలో సేవ్ అవదు. తోడేళ్లన్నిటికీ ఒకే మొహం. ఏడో తలుపుకి బ్యాటరీ కావాలని ముందే చెప్పరు.

కలం ఆగింది. మూడో శిబిరం గుర్తొచ్చింది. బ్యాటరీ పీకగానే అక్కడ చీకటి పడింది. పదకొండుమంది ఉన్నారు లోపల. ఒక ముసలావిడ కూడా. ఒక్కరూ కదల్లేదు. 'దీపం ఎందుకు తీశావు?' అని అడగలేదు. 'ప్రయాణం క్షేమంగా సాగాలి' అని ఎప్పుడూ అనే మాటే అంది ఆ ముసలావిడ.

లమీస్‌కి కోపం ముంచుకొచ్చింది. కలం నొక్కి రాసింది.

'ఈ ఆటలో అన్నిటికంటే పెద్ద చెడు ఇదే. దీపం తీసినా ఎవరూ తిట్టరు. తీసింది ఎవరో ఎవరికీ తెలియదు. చీకట్లో వాళ్లు ఏమయ్యారో ఆట చూపించదు. ఇది మోసం! తీసినవాళ్లు గెలిచేస్తారు, మిగతావాళ్లు...'

చెయ్యి ఆగిపోయింది.

కింద వీధిలో వ్యాన్ హారన్ మోగింది.

లమీస్ కుర్చీ తన్నేసి బాల్కనీలోకి పరిగెత్తింది. ఉమ్ ఫాయెజ్ గేటు దాటింది. వ్యాన్ కుర్రాడు తలుపు పట్టుకుని తొందరపెడుతున్నాడు. అబూ నదీమ్ ఇంకా ఎవరితోనో చేతులు తిప్పుతూ వాదిస్తున్నాడు.

"అబూ నదీమ్ మావయ్యా!"

అన్ని తలలూ పైకి లేచాయి.

"కరెంటు ఆగలేదు! ఫ్రిజ్ ప్లగ్ నేనే పీకాను. ఆట ఆడుకోడానికి!"

వెనక అమ్మ "లమీస్!" అని కేకేసింది.

అబూ నదీమ్ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "విన్నారా? అందరూ విన్నారా? ఏమ్మా, ఇంకోసారి చెప్పు. ఆ ఎదురింటి బాల్కనీకి సరిగ్గా వినపడినట్టు లేదు!"

లమీస్ చెవులు ఎర్రబడ్డాయి. రెయిలింగ్ గట్టిగా పట్టుకుంది.

"ప్లగ్ పీకింది నేను! మళ్లీ పెట్టేసి, మాట్లాడకుండా ఊరుకుంది కూడా నేనే!" ఈసారి ఇంకా గట్టిగా అరిచింది. "ఉమ్ ఫాయెజ్ పెద్దమ్మా! జనరేటర్ మంచిదే. ఇంకెప్పుడూ అలా చేయను. వెళ్లకు!"

ఉమ్ ఫాయెజ్ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. వ్యాన్ కుర్రాడు విసుక్కున్నాడు. "ఎక్కుతావా లేదా తల్లీ?"

"నువ్వు వెళ్లు నాయనా" అంది. తర్వాత తల ఎత్తి అరిచింది. "ఏయ్ పిల్లా! నాలుగు అంతస్తులు మళ్లీ నేనే ఎక్కాలా? ఆ మాట నా ముందుకొచ్చి చెప్పి, ఈ డబ్బాని నువ్వే పట్టుకెళ్లు!"

లమీస్ లోపలికి తిరిగింది. టీవీ, ఆట వైర్లు రెండూ లాగేసింది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది.