జొరాయిదె కొన్న ప్యూమా

ఆదివారం పొద్దున్నే జొరాయిదె వేడి రొట్టెల సంచీ చంకలో పెట్టుకుని గేటు తీసేసరికి కూతురు ఎలిసాంద్ర గరాజులో నిలబడి ఉంది. చేతిలో కాఫీ గ్లాసు, మొహంలో తుపాను. ఎదురుగా నిన్న సాయంత్రమే ఇంటికొచ్చిన పాత ప్యూమా కారు. నారింజ రంగు, నేలని కరుచుకున్నట్టుండే ఒళ్ళు, రెండే రెండు సీట్లు. ఒకప్పుడు సావో పౌలో కుర్రాళ్ళు గోడల మీద బొమ్మ అంటించుకుని కలలు కన్న కారది. ఇప్పుడు అరవై దాటిన ఆడమనిషి గరాజులో ఉంది. కాసా వెర్దె పేటలో మా వీధి వీధంతా నిన్నట్నుంచి ఆ ముచ్చటే చెప్పుకుంటోంది.

"అమ్మా, ఏంటిది?"

"కారు."

"కారని నాకూ తెలుసు. ఎందుకని అడుగుతున్నా."

"ఎక్కి తిరగడానికి. మరింకెందుకు, బీన్సు నానబెట్టుకోడానికా?"

ఎలిసాంద్ర రెండు వీధుల అవతల కాపురం ఉంటుంది. బీమా ఆఫీసులో ఉద్యోగం. ఏ వస్తువుని చూసినా అది ఎప్పుడు, ఎలా, ఎవరి నెత్తి మీద పడుతుందో ముందు కనిపిస్తుంది ఆ పిల్లకి. తల్లి మీద ప్రేమ లేక కాదు. ఆ ప్రేమ ఎప్పుడూ కసురు రూపంలోనే బయటికొస్తుంది, అంతే.

"నాన్న ఏమన్నాడు?" అంది.

జొరాయిదె తల తిప్పి చూసింది. వంటింటి కిటికీలోంచి భర్త అల్దెమిర్ కనిపిస్తున్నాడు. తలొంచుకుని నిన్నటి రొట్టెముక్క కాఫీలో ముంచుతున్నాడు. మనిషి బతుకంతా తాబేలు ఆకారపు ఫుస్కా కార్లు బాగుచేస్తూ గడిపాడు. మోకాళ్ళు సహకరించక షెడ్డు మూసేసిన దగ్గర్నుంచి ఇంట్లోనే ఉంటున్నాడు. నిన్న కారు కొన్నానని ఆవిడ చెప్పినప్పుడు ఒకటే మాటన్నాడు: "నేను దాన్ని ముట్టుకోను." ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. కూతురి కసురు కన్నా ఆ మౌనమే జొరాయిదెని ఎక్కువ బాధపెట్టింది.

"నాన్న సంగతి వదిలెయ్. ముందు దీని గొంతు విను," అంటూ ఆవిడ సీట్లో కూర్చుని తాళం తిప్పింది.

చప్పుడు లేదు. మళ్ళీ తిప్పింది. సెల్ఫ్ తిరగలేదు సరికదా, ఎదుటి అద్దం కింద చిన్న ఎర్ర దీపం కూడా వెలగలేదు. నిన్న వీధిలో కుక్కలన్నీ లేచి మొరిగేలా గర్జిస్తూ లోపలికొచ్చిన బండి ఇది.

"చూశావా? ఒక్క రాత్రికే చచ్చి ఊరుకుంది," అంది ఎలిసాంద్ర. "ఇలా అవుతుందని నాకు ముందే తెలుసు. అందుకే అమ్మినవాడికి ఫోన్ చేశా. నచ్చకపోతే ఆదివారం మధ్యాహ్నంలోగా వెనక్కి తీసుకుంటానన్నాడుగా. పన్నెండింటిలోపు ట్రక్కు తెస్తాడు."

"నన్నడక్కుండా చేశావా?"

"నువ్వు నన్నడిగి కొన్నావా?"

జొరాయిదె కారు దిగింది. ఆవిడ అరవదు. కోపం ఎక్కువయ్యేకొద్దీ గొంతు తగ్గుతుంది. "నీ పెళ్ళి గౌను కొన్నప్పుడు నేనొద్దన్నానా? మీ నాన్న షెడ్డు పెడతానన్నప్పుడు ఒద్దన్నానా? ఈ ఇంట్లో నాకోసం నేను కొనుక్కున్న మొదటి వస్తువిది. దాన్ని ట్రక్కెక్కించడానికి నువ్వెవరే?"

కూతురి కేకలు పక్కింటి దాకా వినబడ్డాయేమో, అక్కడుండే అల్దెమిర్ తమ్ముడు ఒదాయిర్ ముడతలు పడ్డ నిక్కరుతో, ఖాళీ చేతులతో, బోలెడన్ని అభిప్రాయాలతో దిగాడు. మా దగ్గర ఎక్కడ ఇంజన్ మూత తెరుచుకున్నా పది మంది మగాళ్ళు పోగవుతారు. ఇక్కడ మూత ఇంకా తెరవలేదు, ఆయన వచ్చేశాడు.

"ఇంజన్ బిగుసుకుపోయింది వదినా. నేను గేటు బయట్నుంచే చెప్పగలను."

"మరి లోపలికెందుకొచ్చావ్?"

"ఓదార్చడానికి."

"ఓదార్పు తర్వాత. ముందు ఆ టార్చి పట్టుకో."

ఈ కారుకి ఇంజన్ వెనకవైపు ఉంటుంది. జొరాయిదె వెనక్కెళ్ళి మూత ఎత్తి, కర్ర దన్ను పెట్టింది. పాత నూనె, వేడెక్కి చల్లారిన రబ్బరు, ఎన్నో ఏళ్ళ దుమ్ము కలిసిన వాసన గుప్పున కొట్టింది. ఆవిడకది అసహ్యం అనిపించలేదు. నిన్న కొనేటప్పుడు ఆత్రంలో పైపైన చూసింది గానీ, ఇలా తీరిగ్గా చూడటం ఇదే మొదలు. లోపల మధ్యలో నల్లటి ఫ్యాను డబ్బా, దాని కింద డైనమో, దాన్ని కింది పెద్ద చక్రంతో కలుపుతూ బెల్టు. బెల్టుని బొటనవేలితో నొక్కింది. సరిపడా సాగింది. కార్బొరేటర్ పక్కన వేలు పెట్టి వాసన చూసింది, పెట్రోలు కారడం లేదు. నూనె కడ్డీ తీసి తన పొడుగు షర్టు అంచుకి తుడిచి, మళ్ళీ ముంచి తీసింది. నూనె తేనెరంగులో ఉంది.

"బిగుసుకుపోయిన ఇంజన్‌లో నూనె ఇలా ఉంటుందా మరిదీ?" అంటూ ఆ పెద్ద చక్రాన్ని పానాతో పట్టి తిప్పింది. చక్రం హాయిగా తిరిగింది.

"అయితే స్పార్కు ఇచ్చే కాయిల్ కాలిపోయుంటుంది," అన్నాడు ఒదాయిర్, ఏమాత్రం తడుముకోకుండా.

"కాయిల్ కాలితే లోపల దీపం కూడా వెలగదా?"

ఆయన టార్చి వెలుతురు గోడ మీదికి తిప్పి ఆలోచనలో పడ్డట్టు నటించాడు.

ఎలిసాంద్ర ఇక ఆగలేకపోయింది. కాఫీ గ్లాసు గరాజు గట్టు మీద టప్పున పెట్టింది. "అమ్మా, చేతులు చూడు, మసి! నీ వయసు వాళ్ళు పూల కుండీలు కొనుక్కుంటారు, సముద్రానికెళ్తారు. ఇది ప్లాస్టిక్ డొక్కు. గుద్దుకుంటే పెంకులైపోతుంది. నీకేమైనా అయితే? నాకు ఆఫీసులో రోజూ ఇవే కాగితాలొస్తాయి, రోజూ! అందులో నీ పేరు చూడాలా నేను?"

అప్పుడు తెలిసింది జొరాయిదెకి, తుపాను అడుగున ఉన్నది భయమని. పానా పక్కన పెట్టి కూతురి దగ్గరికొచ్చింది.

"ఎలీ, నేనేం పని చేశానే ఇన్నాళ్ళూ?"

"తెలీదా ఏంటి? సాంబా బృందం రథాలకి బొమ్మలు చేశావ్."

"ఫైబర్ బొమ్మలు. సింహాలు, చేపలు, ఇంత పొడుగు రెక్కల కొంగలు. ఏడాదంతా అచ్చుపోసి, అరగదీసి, రంగులు పూసి, లోపల దీపాలు పెట్టేదాన్ని. కార్నివాల్‌లో ఒక్క ఊరేగింపు. జనం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. ఆ తర్వాత వారానికి రంపాలు పట్టుకొచ్చి, నా కళ్ళ ముందే ముక్కలుగా కోసి లారీకెక్కించేవాళ్ళు. వచ్చే ఏడాది బొమ్మలకి చోటు కావాలిగా. నేను చేసిందొక్కటీ మిగల్లేదు. ఒక్కటంటే ఒక్కటి." ఆవిడ ప్యూమా వెనక రెక్క మీద మసి చెయ్యి ఆనించింది. "ఇదీ ఫైబరే. నాలాంటి చేతులే చేశాయి. ఇన్నేళ్ళయినా ఎవరూ కొయ్యలేదు. తిరుగుతోంది. ఇలాంటిదొకటి నాదనుకోవాలని నా కోరిక. పూల కుండీ నాకెందుకే?"

తల్లి చేసే పని ఎలిసాంద్ర చిన్నప్పట్నుంచీ చూసింది. రంపాల సంగతి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. ఒదాయిర్ మొదటిసారి టార్చి తిన్నగా పట్టుకున్నాడు.

ఆ వెలుతుర్లోనే జొరాయిదెకి అది కనబడింది. ఇంజన్ గదిలో ప్రతి వస్తువు మీదా దుమ్ము పేరుకుని ఉంటే, ఒక మూల బ్యాటరీకి తగిలించిన, కరెంటు తిరిగి చేరే అల్లిన రాగి ఎర్త్ పట్టీ ఒకటి తళతళా మెరుస్తోంది. కొత్తది. నిన్న లేదు. దాని రెండో చివర ఇంజన్ గది పక్కగోడకి గట్టిగా బోల్టు వేసి ఉంది. బోల్టు మీద ఆకుపచ్చ టేపు, మూడు చుట్లు, కొస లోపలికి మడిచి. ఆ మడత ఎవరిదో ఈ లోకంలో ఎవరూ ఆవిడకి చెప్పక్కర్లేదు. ఇంట్లో ఇస్త్రీ పెట్టె తీగకీ అదే మడత, వంటింటి గొట్టానికీ అదే మడత.

ఆవిడ ఆ టేపుని వేలితో తడిమింది. తర్వాత మెల్లగా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అల్దెమిర్! ఏమయ్యా, ఒకసారి ఇలా రా!"

ఆయన గుమ్మంలోకొచ్చి ఆగాడు. తప్పు చేసిన బడిపిల్లాడి మొహం.

"ముట్టుకోనన్నావుగా?"

"ముట్టుకోలేదు."

"మరి ఈ టేపు నా తల్లి వచ్చి చుట్టిందా?"

ఒదాయిర్ పకపకా నవ్వాడు. అల్దెమిర్ మోకాలు తడుముకుంటూ మెట్టు దిగాడు. "నువ్వు రొట్టెలకెళ్ళినప్పుడు ఊరికే మూతెత్తి చూశా. పాత పట్టీ పోగులు తెగి వేలాడుతోంది జొరా. నువ్వు పెద్ద రోడ్డెక్కాక తెగితే? వెనకాల లారీలు. చూస్తూ ఎట్లా ఊరుకోమంటావ్? షెడ్డు సామాన్లలో మిగిలిందొకటుంటే తెచ్చి బిగించా. తీరా నువ్వు తాళం తిప్పితే..." ఆయన బండి వంక చూశాడు. "చంపేశాననుకున్నా. నీ బండిని నా చేత్తో చంపేశాననుకున్నా. ఏ మొహం పెట్టుకుని రమ్మంటావ్?"

"చంపలేదు. ఎక్కడ బిగించావో చూసుకో."

"బండి ఒంటికి. ఫుస్కాకి ఎక్కడ బిగించినా..." అంటూండగానే ఆయన ఆగిపోయాడు. ఫుస్కాది ఇనప ఒళ్ళు. ఎక్కడ బోల్టు వేసినా కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుతుంది. ఆయన చేతులు ఏళ్ళ తరబడి అలవాటుగా చేసిన పనే ఇక్కడా చేశాయి. ఇది ఫైబరు. ఇందులో కరెంటు పారదు.

"సింహం కళ్ళకి దీపాలు పెట్టాలంటే రెండు తీగలు లాగాలయ్యా. ఒకటి వెళ్ళడానికి, ఒకటి రావడానికి. బొమ్మ దారివ్వదు," అంది జొరాయిదె.

అల్దెమిర్ నుదురు కొట్టుకున్నాడు. "నలభై ఏళ్ళు మెకానిక్కు పని చేసినవాణ్ణి. గోడకి ఎర్త్ ఇచ్చా!"

"ఎవరికీ చెప్పంలే," అన్నాడు ఒదాయిర్. సాయంత్రానికి వీధంతా చెప్పబోతున్నాడని అందరికీ తెలుసు.

"నన్ను ముందే ఎందుకు పిలవలేదు జొరా? కొనేముందు ఒక్కసారి చూడమని అడగలేదే," అన్నాడు అల్దెమిర్. నిన్నట్నుంచి మింగుతున్న మాట అదేనని అప్పుడర్థమైంది ఆవిడకి.

"అడిగుంటే తప్పులు ఏకరువు పెట్టేవాడివి. అన్నీ నిజమే అయ్యుండేవి. నేను భయపడి ఆగిపోయేదాన్ని." ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "కానీ నిన్ను పక్కన పెట్టడం తప్పే. ఇప్పుడడుగుతున్నా. రా, కలిసి చేద్దాం."

ఇద్దరూ ఇంజన్ మీదికి వంగారు. ఆయన పక్కగోడ బోల్టు విప్పాడు. ఆవిడ కింద చాసిస్ ఇనుము మీద తుప్పు గీకి, మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్దింది. "ఇక్కడ సరిపోతుందా?" అని ఆయనే ఆవిడని అడిగాడు. బళ్ళ విషయంలో అల్దెమిర్ ఎవర్నీ అడగ్గా మేమెవరం వినలేదు. ఎలిసాంద్ర ఎవరూ చెప్పకుండానే మోకాళ్ళ మీద కూర్చుని టార్చి అందుకుంది. ఆదివారం గౌనుకి మసంటింది, పట్టించుకోలేదు.

బోల్టు బిగిసింది. జొరాయిదె సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ముందు ఎర్ర దీపం వెలిగింది. తర్వాత సెల్ఫ్ ఒక్కసారి మూలిగి తిరిగింది. ఆ వెంటనే ఇంజన్ గర్జించింది. గరాజు రేకులు అదిరాయి, వీధి కుక్కలన్నీ లేచాయి, ఎదురింటి డాబా మీద ఎవరో చప్పట్లు కొట్టారు. అల్దెమిర్ రెండు చేతులూ పైకెత్తి ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టినవాడిలా అరిచాడు. ఎలిసాంద్ర తల్లి మెడ చుట్టూ చేతులేసి, ఏడుస్తూ నవ్వుతూ, "బెల్టు పెట్టుకో అమ్మా, ముందు బెల్టు పెట్టుకో," అంది.

"పెట్టుకుంటా. మీ నాన్నని ఒక చుట్టు తిప్పి తీసుకొస్తా. తర్వాత వంతు నీది."

అల్దెమిర్ మూలుగుతూ, మోకాళ్ళు గడ్డానికి ఆనించి, పక్క సీట్లో ఇమిడాడు. జొరాయిదె బండి వెనక్కి తీస్తుండగా గేటుకి అడ్డంగా ట్రక్కొచ్చి ఆగింది. అమ్మినవాడు దిగి, కిటికీ దగ్గరికొచ్చి, ఆవిడని దాటి అల్దెమిర్ వైపు వంగాడు.

"సార్, బండి వెనక్కిచ్చేస్తామని ఫోన్ చేశారు. ఎక్కించెయ్యమంటారా?"

"నన్నడుగుతావేం?" అన్నాడు అల్దెమిర్. "బండి ఆవిడది."

అతను అప్పుడు జొరాయిదె వంక చూశాడు. మసి చేతులు, చెదిరిన జుట్టు, వెనక గర్జిస్తున్న ఇంజన్. ఆవిడ ఇంకోసారి యాక్సిలరేటర్ తొక్కింది.

"నీ ట్రక్కు పక్కకి తియ్యి నాయనా," అంది. "నా బండికి అడ్డంగా ఉంది."

అతను ట్రక్కు పక్కకి తీశాడు.