కొండ దాటని పెట్టె

ఉదయం పదీ పదికి రహస్య సందేశాలు చూసే సైఫర్ ఆఫీసు గుమస్తాని లిఫ్టులో కాల్చి చంపారు. ఒకటే గుండు, చప్పుడు లేదు. అతని బీరువాలోని డీకోడింగ్ యంత్రం మాయమైంది.

పదకొండుకి ఏరోడ్రోమ్ షెడ్డులో ఫోన్ మోగింది.

"గాలి ఎలా ఉంది?" అన్నాడు గూఢచారి శాఖ ఛీఫ్.

"పల్చగా ఉంది," అన్నాడు ఏజెంట్. అది కోడ్. పక్కన ఎవరూ లేరని అర్థం.

"లోయ దాటే రోడ్లన్నీ మూసేశాం. ఇక దొంగలకి మిగిలింది ఆకాశమే. యంత్రం ఉన్నది ముప్ఫై కిలోల ఇనప పెట్టెలో. అది కొండ దాటితే మన రహస్యాలన్నీ అవతలి దేశం పాలు. కొండకింద అడవిలో నా మనుషులున్నారు, పెట్టె అక్కడ పడాలి. ఆ ముఠాలో మన ఏజెంట్ కూడా ఉంది. 'వెలుగు బాగుంది' అంటే ఆమే."

ఫోన్ పెట్టేశాడు. కుశల ప్రశ్నలు ఛీఫ్‌కి అలవాటు లేదు.

ఫోన్ ఎత్తిన ఈ ఏజెంట్ మూడేళ్ళుగా ఆ ఎత్తైన లోయలో ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ వేషంలో ఉన్నాడు. అందరికీ 'మాస్టారు'. అసలు పేరుతో పిలిచే అక్కకి, తమ్ముడు ఎక్కడో ఓడలో ఉద్యోగం చేస్తున్నాడనే తెలుసు. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కప్పు. రెండో కప్పు కొనడానికి కారణమే దొరకలేదు. ఈ నెలలోనే "భోంచేశారా మాస్టారూ?" అని అడిగే మనిషి ఒకరు తగిలారు. విమానం నేర్చుకోవడానికి వచ్చిన ఫొటోగ్రాఫర్ ఆమె. ఆ మాట కోసం అతను మధ్యాహ్నం దాకా తినకుండా కూర్చున్న రోజులున్నాయి.

పన్నెండుకి ఆమే వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, మెడకి పట్టు స్కార్ఫ్, ట్రాలీ మీద ఇనప పెట్టె.

"వెలుగు బాగుంది," అంది.

మాస్టారి ప్రాణం లేచొచ్చింది. ఫొటోల కోసమని విమానం కుడి తలుపు ముందే ఊడదీయించింది ఆమె. పెట్టె ఆమె కాళ్ళ దగ్గర పెట్టి టేకాఫ్ తీసుకున్నాడు. అయిదు వందల అడుగుల ఎత్తులో అతని పక్కటెముకలకి పిస్తోలు ఆనింది.

"కొండ దాటించండి."

"మీరు మా మనిషనుకున్నాను."

"మీ ఛీఫ్ కూడా అలాగే అనుకుంటున్నాడు. ఫుల్ పవర్ ఇవ్వండి."

థ్రాటిల్ అప్పటికే ఫుల్‌గా ఉంది. మాస్టారు దాని పక్కనున్న ఎర్ర నాబ్‌ని కూడా లోపలికంటా నెట్టాడు. అది ఇంజన్‌కి వెళ్ళే పెట్రోలు పాళ్ళు మార్చే మిక్స్‌చర్ నాబ్. అంత ఎత్తులో గాలి తక్కువ, పెట్రోలూ తగ్గించాలి. తగ్గించకపోతే అరగని తిండి తిన్నవాడిలా ఇంజన్ ఆయాసపడుతుంది. చూసేవాళ్ళకి మాత్రం అన్నీ ముందుకి నెట్టి ఉంటే అదే ఫుల్ పవర్!

ఇంజన్ దగ్గింది. నిమిషానికి అయిదు వందల అడుగులు ఎక్కుతున్న విమానం వందకి పడిపోయింది. ఎదురుగా కొండ పెరుగుతోంది.

"ఎక్కదేం?"

"మిట్టమధ్యాహ్నం ఎండ, పల్చటి గాలి, పైగా బరువు."

"ముక్కు పైకెత్తండి!"

"ఇంకా ఎత్తితే స్టాల్ అవుతాం. రాయిలా పడతాం."

"అన్నీ ఫుల్‌గానే ఉన్నాయిగా?"

"మీరే చూడండి."

చూసింది. కొండ అద్దం నిండా వచ్చేసింది. చెట్ల కొమ్మలు విడివిడిగా కనిపిస్తున్నాయి.

"ముప్ఫై కిలోలు తగ్గాలి," అన్నాడు మాస్టారు. "పెట్టో, నేనో. త్వరగా తేల్చుకోండి."

ఆమె పళ్ళు కొరుకుతూ రెండు కాళ్ళతో తన్నింది. పెట్టె దొర్లి అడవిలో పడింది.

అతను ఎర్ర నాబ్‌ని రెండు వేళ్ళ మేర వెనక్కి లాగాడు. ఇంజన్ గొంతు సవరించుకుంది. స్పీడు ముల్లు మీంచి కన్ను తిప్పకుండా, స్టాల్ అవకుండా ఉండేంత వరకే ముక్కెత్తాడు. కొమ్మలు చక్రాలకి రాసుకున్నాయి. రెక్క వాల్చి, శిఖరానికి ఇవతలే విమానాన్ని లోయవైపు తిప్పేశాడు.

ఆమె కన్ను ఎర్ర నాబ్ మీద పడింది.

"ఆ ఎర్రది మీరు నేర్పలేదు," అందామె.

"అది ఏడో పాఠం. మీకు ఆరే అయ్యాయి."

"కాల్చేస్తాను."

"దిగడం పదో పాఠం."

ఆమె నవ్వింది. పిస్తోలు తలుపు లేని ఖాళీలోంచి జారవిడిచింది. "భలే నడిపారు మాస్టారూ!"

అతను రన్‌వే దాకా సూటిగా ముందుకే చూశాడు.

జీపు ఆమెని తీసుకెళ్ళాక ఫోన్ మోగింది.

"పెట్టె దొరికింది. శెభాష్!" అన్నాడు ఛీఫ్. "నువ్వు చేసింది ప్రాణం పోయినా ఎవరికీ తెలియకూడదు."

"తెలిసినావిడ ఒక్కతే సార్," అన్నాడు మాస్టారు. "ఆవిణ్ణి కూడా మీరే పట్టుకుపోయారు."