మలుపు షెల్టర్‌లో గుండు పిల్లగాడు

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వస్తుంటే ఒక మలుపులో పాత బస్ షెల్టర్ ఉంటుంది. దానికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ ఆటో ఆపే మొనగాడు ఇంకా పుట్టలేదు. లోపల బెంచీ మీద గుండు పిల్లగాడొకడు కాళ్లు ఊపుకుంటూ కూర్చుంటాడట. పలకరిస్తే మాట్లాడడట...

చిల్కూరు గుడి దగ్గర పూలమ్ముకునే అంతమ్మకు ఈ కథ తెలుసు. అయినా ఆమెకు దెయ్యం కంటే తన ఇల్లంటేనే ఎక్కువ భయం. తాళం తీస్తే లోపల మనిషి అలికిడి ఉండదు. పన్నెండేళ్ల కింద చేవెళ్ల జాతరలో నాలుగేళ్ల బిడ్డ వర్షిత తప్పిపోయింది. ఆ బెంగతోనే మొగుడూ పోయాడు.

ఆ సాయంత్రం చెల్లెలి కూతురు సింధుజ పూలబుట్ట పక్కన కూర్చుని, తప్పిపోయిన పిల్లల వివరాలుండే సైట్లన్నీ మళ్లీ ఫోన్‌లో వెతికింది.

"ఒకదాంట్ల వయసు ఇంకా నాలుగేండ్లే ఉన్నది పెద్దమ్మా. ఇంకోదాంట్ల పేరే లేదు. ఇగో, దీంట్ల 'దొరికింది' అని పెట్టిన్రు."

"దొరికితే మరి నా తాన ఎందుకు లేదే?"

అలా ఎవరు పెట్టారో చెప్పే నాథుడు లేడు. దొరికిన ఆడపిల్లల ఫొటోలన్నీ చూశారు. వర్షిత ఫొటోలో ఉన్న రెండు జడల పాప ఎక్కడా లేదు.

అంతమ్మ ఒక్కతే ఇంటికి వస్తుంటే, సరిగ్గా ఆ మలుపులోనే సైదులు ఆటో మొరాయించింది. వాన అందుకుంది.

"అంతమ్మక్కా, ఆడికి పోకు... ఆటోలనే కూసో," అని సైదులు గుసగుసలాడాడు.

ఆటో పైకప్పు ధారగా కారుతోంది. ఆమె విసుక్కుంటూ షెల్టర్‌లోకి నడిచింది.

బెంచీ మీద — ఉన్నాడు.

నున్నటి గుండు... దాని మీద ఎండిన గంధం... మోకాళ్ల దాకా నీలం చొక్కా.

అంతమ్మ అక్కడే ఆగిపోయింది. కానీ కాళ్లు వెనక్కి పోలేదు. వానలో పసిబిడ్డ ఒంటరిగా ఉంటే ఏ తల్లి వదిలి పోతుంది?

"ఎవ్వరి పిల్లగానివి బిడ్డా? మీ అవ్వ ఏది?"

ఊగుతున్న కాళ్లు ఆగిపోయాయి. ఆ పసి మొహం మెల్లగా పైకి లేచింది. చెవిలో చెప్పినంత సన్నగా —

"నన్ను మొగపిల్లగాండ్లల్ల దేవులాడవ్వా..."

రోడ్డు మీద లారీ వెలుగు పడింది. బెంచీ ఖాళీ.

ఆ రాత్రి అంతమ్మకు కంటి మీద కునుకు లేదు. జాతర రోజు మొక్కు తీర్చి బిడ్డకు గుండు చేయించింది తనే. గంధం పూసింది తనే. లంగా బురదలో తడిస్తే చెల్లెలి కొడుకు సాయిచంద్ చొక్కా తొడిగిందీ తనే. ఆ తర్వాతే జనంలో చెయ్యి జారింది. పోలీసులు ఫొటో అడిగితే ఇంట్లో ఉన్న ఒకే ఒక్కటి, రెండు జడలది, ఏడుస్తూ తెచ్చిచ్చింది. గుండు మాట చెప్పనే లేదు. పన్నెండేళ్లుగా అందరూ వెతికింది లేని జడల కోసం!

తెల్లారి సింధుజ ఈసారి దొరికిన మగపిల్లల పేజీ తీసింది. నీలం చొక్కా, గంధం గుండు. 'బాలుడు. పేరు చెప్పడం లేదు. బస్ షెల్టర్‌లో దొరికాడు.' గుండూ చొక్కా చూసి మగపిల్లాడని రాసేశారు. జాతర రోజుదే తేదీ. ఎక్కడికి పంపారో రాయాల్సిన గడి మాత్రం ఖాళీ.

అంతమ్మ ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఎక్కడికి పోయినా ఒకటే మాట.

"తప్పిపోయింది ఆడపిల్లనా, మగపిల్లగాడా? ముందుగాల అది తేల్చుకొని రా అమ్మా."

గుండు పిల్లగాడు మళ్లీ ఎవరికీ కనపడలేదు. షెల్టర్‌కు చెడ్డపేరు మాత్రం పోలేదు. ఇప్పుడక్కడ చీకటి పడ్డాక ఒక ఆడమనిషి కూర్చుని, దారిన పోయే పదహారేళ్ల పిల్లల మొహాల్లోకి తొంగి చూస్తుందట. ఆటోవాళ్లు హారన్ కొట్టుకుంటూ దూసుకుపోతారు.

సైదులు ఒక్కడే ఆపుతాడు. "ఇంటికి పోదాం రా అక్కా," అంటాడు.

ఆమె బతికున్న మనిషేనని అతనెంత చెప్పినా ఎవరూ నమ్మరు.