పొద్దుటి బరువు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఎనిమిదేళ్లు దాటాక. ఒత్తులు తప్పుతుంటాయి, ఒక పేజీకి రెండు రోజులు పడుతుంది. ఓపిక చేసుకుని చదవండి.

పొద్దున్న ఆరున్నర కాగానే ఆ ఇంటి కోడలు కిటికీ పక్కన బరువు చూసే మిషన్ పెట్టేది. టీ కూడా ఆ తర్వాతే.

మామగారిని వీధంతా కాటా మావయ్య అనేవాళ్లు. ముప్పై నాలుగేళ్లు ధాన్యం గోదాములో కాటా దగ్గర నిలబడ్డ మనిషి. బస్తా కింద కాలు ఆనించి తూకం తగ్గించాలని చూసినవాళ్లను ఇట్టే పట్టేసేవాడు. ఇప్పుడు ఆయన గుండె నీరసపడింది. దానివల్ల ఒంట్లో నీరు చేరి, ఏడాదిలో రెండుసార్లు ఊపిరాడక ఆస్పత్రి పాలయ్యాడు.

రెండోసారి ఇంటికి పంపేముందు క్లినిక్ నర్సు ఆయన్ని కూర్చోబెట్టి, ఆయనకి సరిపడేలా ఒక కాగితం తయారుచేసింది. "మీకేం కావాలి తాతగారూ?" అని అడిగితే "మేడ మీదికి ఆగకుండా ఎక్కాలి" అన్నాడు. అదే అన్నిటికంటే పైన రాసింది. దాని కింద ఉప్పు, మాత్రలు, కొలిచి తాగాల్సిన నీళ్లు. ఆయన మామూలు బరువు అరవై నాలుగు కిలోలు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే మళ్లీ నీరు చేరుతున్నట్టు. వెంటనే ఫోన్ చేయాలి.

"ఎక్కండి మావయ్యా."

"ఎక్కుతున్నానమ్మా. గోదాములో బస్తాలనైనా నేనింత తొందరపెట్టలేదు."

కోడలు వంగి మిషన్ మీది అంకె చదివి పుస్తకంలో రాసుకుంది. "అరవై నాలుగు పాయింట్ మూడు. నిన్నటిలాగే ఉన్నారు."

"చూశావా? సోమవారం నిశ్చింతగా బయల్దేరు."

సోమవారం ఆమెకి ల్యాబ్ టెక్నీషియన్ శిక్షణ మొదలు. వేరే ఊళ్లో, హాస్టల్లో, మూడు నెలలు. మామగారి ఆస్పత్రితో అప్పటికే రెండుసార్లు వాయిదా వేసుకుంది. ఇంకోసారి కుదరదని శిక్షణ వాళ్లు ముందే చెప్పేశారు. భర్త లారీ డ్రైవరు, వారానికోసారి ఇంటికొస్తాడు.

వంటింటి గుమ్మంలోంచి అత్తగారు చూస్తూనే ఉంది.

ఆ పూటే మామగారు బయటికి వెళ్లబోతూ చెప్పు పట్టీ పట్టక తంటాలు పడుతున్నాడు. కోడలు సాయానికి వంగింది. పాదం నున్నగా ఉబ్బి ఉంది. చీలమండ పైన వేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"మావయ్యా, మళ్లీ మిషన్ ఎక్కండి."

"ఇప్పుడెందుకు? టిఫిన్ తిన్నాను, ఎక్కువ చూపిస్తుంది."

"ఎక్కండి."

ఎక్కాడు. ఈసారి ఆమె వంగలేదు. నిలబడి ఆయన్నే చూసింది. ఎడమ చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్లి కిటికీ గట్టు మీద ఆనింది. నాలుగు వేళ్లు, అంతే.

"చెయ్యి తీయండి."

తీశాడు. అంకె మారింది. అరవై ఏడు పాయింట్ ఒకటి.

"ఎన్నాళ్లుగా?"

"మంగళవారం నుంచి," అన్నాడు, తల ఎత్తకుండా.

"నాలుగు రోజులు నా చేత అబద్ధం రాయించారు! ఆ అంకె చూసి రోజూ దేవుడికి దండం పెట్టుకున్నాను, తెలుసా?"

"నువ్వు వెళ్లాక చెబుదామనుకున్నానమ్మా."

"ఎవరికి? అంబులెన్స్ వాడికా?"

"నా మూలాన రెండుసార్లు ఆగిపోయావు. మళ్లీ ఆపితే నేను బతికుండి ఏం లాభం?"

"మీరు పోయాక నేను చదివి ఏం లాభం?" అని అరిచింది. అరిచాక తన మాటకి తనే బెదిరిపోయింది. అత్తగారివైపు తిరిగింది. "మీకు తెలుసా అత్తయ్యా?"

అత్తగారు గరిటె కింద పెట్టింది. "చెయ్యి చూశాను. తూలకుండా పట్టుకున్నారేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చెప్పొద్దని ఆయన కళ్లతో సైగ చేశారు కూడా. మిషన్ ఏమంటుందో, కాగితం ఏమంటుందో నాకేం తెలుసు? చదువుకున్న పిల్లవి, నువ్వు చూస్తున్నావు కదా అనుకున్నాను."

కోడలు ఫోన్ తీసి క్లినిక్‌కి చేసింది.

క్లినిక్‌లో ఇంజెక్షన్ ఇచ్చి మధ్యాహ్నం దాకా ఉంచారు. "ఇంకో రెండు రోజులు ఆలస్యం చేస్తే నడిచి వచ్చేవారు కాదు," అంది నర్సు. తన దగ్గరున్న కాగితం తీసి చూసింది. "పొద్దున్న బరువు చూసేది ఎవరు?"

"నేనే," అంది కోడలు.

"మీరు ఇంట్లో లేని రోజు?"

నర్సు ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"ఇందులో నా తప్పు కూడా ఉంది. అంతా ఒక్క మనిషి మీద పెట్టేశాను."

"పర్లేదండీ, నేను ఊరెళ్లడం లేదు."

"వెళ్తుంది," అంది అత్తగారు. "నేను చూస్తానని రాసుకోండి."

"నీకు అంకెలు రావు కదే," అన్నాడు మామగారు.

"నాలుగు రోజుల్లో మీరు అబద్ధం నేర్చుకున్నారు. పది అంకెలు నేను నేర్చుకోలేనా?"

శని, ఆదివారాలు కోడలు పాత క్యాలెండర్ వెనక అంకెలు రాయించింది. మొదటిసారి అత్తగారు మిషన్‌కి ఎదురుగా నిలబడి "తొంభై తొమ్మిది!" అంది.

"ఒక్క రాత్రిలో ఏనుగునయ్యానా?" అన్నాడు మామగారు.

"ఇటు పక్కకొచ్చి చూడండి అత్తయ్యా. అది అరవై ఆరు."

సోమవారం కోడలు బస్సెక్కింది. రోజూ ఆరున్నరకి ఫోన్ వచ్చేది. అరవై అయిదు. అరవై నాలుగు. మళ్లీ అరవై నాలుగు.

రెండో వారం ఒక పొద్దున్న ఏడు దాటాక ఫోన్ వచ్చింది, అత్తగారు ఒక్కో అంకె విడిగా పలికింది. "అరవై ఆరు. చుక్క. రెండు. రెండుసార్లు చూశాను."

కోడలు బ్యాగు కోసం చెయ్యి చాపింది. "అత్తయ్యా, నేను వెంటనే..."

"ఇటివ్వవే ఫోను," అంటూ మామగారు అందుకున్నాడు. "నువ్వు కదలొద్దమ్మా. పెరిగిందని నేనే క్లినిక్‌కి ఫోన్ చేశాను. ఆటో గుమ్మంలో ఉంది. మీ అత్తయ్య నాకంటే ముందే చెప్పులేసుకుని నిలబడింది."

"నిజం చెబుతున్నారా మావయ్యా?"

"అరవై ఆరు పాయింట్ రెండు," అన్నాడాయన. "నిజమేనమ్మా. నువ్వు క్లాసుకెళ్లు."

కోడలు చాలాసేపు ఫోన్ గుండెకి హత్తుకుని ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని క్లాసుకి వెళ్లింది.

— బొంతలమ్మ, వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉంటున్నది ఆ కోడలి దగ్గరే, ముందు గదిలో.