శైలజ పట్టిన మునుం

శైలజ సాలు అప్పుడే సగం అయిపోయింది. మిగతా వాళ్లు ఇంకా గట్టు దగ్గరే ఉన్నారు.

నిజామాబాద్‌లో వేసవి లీడర్‌షిప్ క్యాంపు. ఇది నాలుగో రోజు. హాస్టల్ వెనుక వంగతోటలో కలుపు తీయడానికి శ్రీధర్ సార్ ఒక్కో టీమ్‌కు ఐదు సాళ్లు ఇచ్చారు. పని కాగానే టీమ్ వాళ్లు ఓట్లేసి తమ లీడర్‌ను ఎన్నుకోవాలి.

శైలజకు లీడర్ కావాలని ఉంది. మూడు రోజులుగా ఆమె ఒక్కతే కూర్చుని తింటోంది. మిగతా వాళ్లంతా ఒకే బెంచీ మీద చేరి ముచ్చట్లు పెట్టుకుంటారు. ఏర్గట్ల నుంచి వచ్చింది ఆమె ఒక్కతే. లీడర్ అయితే వాళ్లు తనతో మాట్లాడక తప్పదు కదా అనుకుంది.

కలుపు ఆమెకు కొత్త కాదు. ఆదివారాలు అమ్మ వెంట పసుపు చేనుకు పోయేది. చూడకుండానే వేళ్లు గడ్డిని పట్టుకుంటున్నాయి.

"అరే, హార్వెస్టర్ పోతుంది, జరుగుండ్రి!" అన్నాడు పక్క సాలులో ఉన్న టీమ్ పిల్లాడు ఆకిబ్. అందరూ నవ్వారు.

శైలజ తల ఎత్తలేదు. ఇంకా జోరు పెంచింది.

సాలు చివర లేచి నిలబడింది. వెనక్కి చూసింది. ఎవరూ ఇటు చూడటం లేదు. ఆకిబ్ మళ్లీ ఏదో అన్నాడు. నవ్వు ఇక్కడిదాకా వచ్చింది. మాట మాత్రం వినపడలేదు.

హాస్టల్‌లో వంట చేసే భూమవ్వ బోరు దగ్గర బియ్యం కడుగుతోంది. శైలజ పోయి పక్కన కూర్చుంది.

"గప్పుడే అయిందా బిడ్డా?"

"అయింది అవ్వా. నేనే ఫస్ట్."

"మరి మొకం గట్ల పెట్టినవేంది?"

శైలజ తోటలో నవ్వుతున్న వాళ్ల వైపు చూసింది.

"మీ ఊర్ల మునుం ఎవ్వలు పడ్తరు?"

"మా అమ్మనే. అందరు వరుసగ కూసుంటరు గదా, మొదటి సాలు పట్టి అందర్ని నడిపిచ్చేది గామెనే."

"అయితే అందరికంటె ముందుగాల గట్టెక్కుతదా మీ అమ్మ?"

శైలజకు పసుపు చేను కళ్ల ముందు మెదిలింది.

అమ్మ చేతులు ఎంత జోరుగా ఆడతాయో ఆమెకు తెలుసు. అయినా అమ్మ ఎన్నడూ ముందుగా గట్టెక్కలేదు. పక్క సాలులో రేణుకమ్మ వెనుకబడితే, చేయి చాచి ఆ గడ్డి కూడా తనే లాగేది. వరుసంతా ఒక్క తీరుగా కదిలేది. అందరూ ఒకేసారి గట్టెక్కి నీళ్లు తాగేవాళ్లు.

శైలజ లేచింది. భూమవ్వ బియ్యం నీళ్లు వంచింది.

చివరి సాలులో బోధన్ అమ్మాయి హఫ్సా పని ఆపేసి కూర్చుంది. పక్కన నాలుగు వంగ మొక్కలు వేర్లతో సహా పడి ఉన్నాయి. ఆమె కళ్లలో నీళ్లు.

"గడ్డేదో చెట్టేదో తెలుస్తలేదు" అంది మెల్లగా. "నిన్ను అడుగుదామంటే నువ్వు మస్తు దూరం పోయినవ్."

శైలజ ఆమె పక్కన కూర్చుంది. "గీ ఆకు పట్టి సూడు. మీద నూగుంది కదా? గిది వంకాయ. నున్నగ ఉన్నది పీకెయ్."

"గింతేనా!" అంది హఫ్సా, కళ్లు తుడుచుకుంటూ.

పీకిన మొక్కలను ఇద్దరూ మళ్లీ నాటారు. హఫ్సా నీళ్లు తెచ్చి పోసింది. ఆ సాలు అయ్యేసరికి ఎండ ముదిరింది.

శ్రీధర్ సార్ ఓటు చీటీలు పట్టుకొని వచ్చారు. "శైలజా, నీ సాలు ఎప్పుడో అయింది కదమ్మా. రా, మొదటి చీటీ నువ్వే వెయ్యి."

"జర ఆగుండ్రి సార్. మావి ఇంక రెండు సాళ్లున్నయి" అంటూ శైలజ ఆకిబ్ సాలులోకి చేయి చాచింది.