పైపైన మానిన గాయం

"మేకు పీకొద్దన్నానా! వినబడదా నీకు?" అని నాగవేణి కసిరేసరికి స్కూటరు ఆసామి పట్టుకారు కింద పెట్టేశాడు.

గుత్తి రహదారి మీద నాగవేణి పనిచేసే మాన్పు కేంద్రంలో ఇది రోజూ ఉండే భాగోతమే. మాన్పురసం పోసిన టైరులో మేకు దిగితే దాన్ని అక్కడే ఉండనివ్వాలి. రసంలోని సన్నటి నార దాని చుట్టూ బిగుసుకుని గాలిని ఆపేస్తుంది. స్కూటరుకు పలచటి రసం, లారీకి రబ్బరు పొడి కలిపిన చిక్కటిది, ట్రాక్టరుకైతే బిందెలకు బిందెలు తాగించాల్సిందే. పంక్చరు అన్న మాటే జనం మరిచిపోయారు. ఆ కొట్లన్నీ మూతబడ్డాయి. రోడ్ల మీద ఇనుము ఏరే అయస్కాంతపు బండ్లు కూడా దండగని ఆపేశారు. ఎందుకు ఏరాలి? టైర్లకు నొప్పి లేదు కదా! ఇప్పుడు రోడ్డు నిండా మేకులూ గాజుపెంకులూ. నడిచేవాళ్లు కూడా ఉంటారన్న సంగతి ఏ మహానుభావుడికీ గుర్తు రాలేదు.

ఆ నడిచేవాళ్లలో నాగవేణి మొగుడు సుంకన్న ఒకడు. గొర్రెల మందను తోలుకుని రోడ్డు దాటందే బీడుకు పోలేడు. ఒకసారి గొర్రె కాలికి గాజుపెంకు గీసుకుపోతే నాగవేణి నాలుగు చుక్కలు పలచటి రసం పోసింది. నెత్తురు ఇట్టే ఆగింది, గొర్రె మర్నాడే గెంతింది. ఇంకేముంది, అదే వైద్యమైపోయింది.

ఆ తర్వాత సుంకన్న చెప్పును చీల్చుకుని పాదంలోకి మేకు దిగింది. పైభాగం విరిగిపోయి మొన లోపలే ఉండిపోయింది. షుగరు పట్టిన కాళ్లు, పాపం, నొప్పి కూడా తెలియలేదు.

"పట్నం ఆసుపత్రికి పోదాం పద" అంది నాగవేణి.

"మందను ఎవరికి అప్పజెప్పేది? నీ రసం ఉండగా ఆసుపత్రేంది మే? నాలుగు చుక్కలు పొయ్యి."

లోపలి ముక్కను తీయాలని ఆమెకు తోచకపోలేదు. తీస్తే నెత్తురు ఇక ఆగదని చేతులకు అలవాటైన భయం. రోజూ పదిమందికి చెప్పే మాట తన మీదే పనిచేసింది. మొనను అలాగే ఉంచి పోసింది. చూస్తుండగానే గాయం నున్నగా మూసుకుపోయింది. "భలే ఉండాదే!" అని సుంకన్న నవ్వి, గొర్రెల వెంట పోయాడు.

పైకి ఒక్క చీము చుక్క కనబడలేదు. లోపల కుళ్లింది బయటికి రావడానికి దారి ఉంటే కదా! జ్వరం వస్తే ఎండదెబ్బ అనుకున్నారు. పిక్క నల్లబడి, మాట తడబడ్డాక గానీ ఆసుపత్రికి చేరలేదు.

డాక్టరు పాదం మీది పూతను వేలితో తట్టి చూశాడు. "ఇది టైర్లకు పోసేది కదా! ఎవరు పోశారు?"

మనిషికి పోస్తే ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా. నాగవేణి రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

"నేనే సార్" అన్నాడు సుంకన్న, కళ్లు తెరవకుండానే. "కేంద్రంలోంచి దొంగతనంగా తెచ్చి పోసుకున్నా. దీనికేం తెల్దు."

కాదని చెప్పాలనుకుంది నాగవేణి. చెప్పలేదు. పిరికితనం, మరొకటి కాదు. ఆయన బాగై వచ్చాక చెప్పుకుందాంలే అని మనసును సముదాయించుకుంది. సుంకన్నను లోపలికి తోసుకుపోయారు.

కాలును తొడ దాకా తీసేశారు. అప్పటికే విషం ఒళ్లంతా పాకిపోయింది. సుంకన్న మళ్లీ కళ్లు తెరవలేదు.

డాక్టరు బయటికి వచ్చి తల దించుకున్నాడు. "చేయగలిగింది చేశామమ్మా. ఏం చేస్తాం, చేజేతులా తెచ్చుకున్నాడు."

నాగవేణి గోడ పట్టుకుని లేచింది.

"ఆయన చేతులు కాదు సార్!" అని గొల్లుమంది. "ఇవి! ఇవి సార్!" అంటూ రెండు చేతులూ డాక్టరు ముందు చాపింది.

దుఃఖంలో ఏదేదో అంటోందనుకున్నాడు డాక్టరు. నర్సును పిలిచి, ఆమెకు కాసిని మంచినీళ్లు ఇమ్మని చెప్పి వెళ్లిపోయాడు.