రెండో సైరన్

పన్నెండుకి ఇరవై నిమిషాలుంది. బల్గేరియాలో డాన్యూబ్ నది ఒడ్డున వెత్రోవో పట్టణంలో, జున్ను రొట్టెలు (బనిత్సా) అమ్మే ఒక దుకాణం వెనక గదిలో, ఏజెంట్ జహారి తాగని కాఫీ కప్పు పక్కకి తోసేశాడు. పదకొండేళ్ళ సర్వీసులో అతనికి ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

"ఊరి ప్రమాద హెచ్చరికల వెబ్‌సైట్ చూసుకునేది పెంకో," కల్నల్ త్స్వెతానా గబగబా చెప్పింది. "చీటికీ మాటికీ ఊరి పేరు చివర పెట్టి ఒక సబ్‌డొమైన్, అంటే వేరే వెబ్ చిరునామా, తెరిచాడు. మెయిన్ సైట్‌లోనే ఫోల్డర్లు చేసుకోవయ్యా అంటే వినలేదు. వాటిలో పడవ పందేలది ఒకటి. పందేలు ఆగి తొమ్మిదేళ్ళయింది. అద్దె సర్వర్ వదిలేశారు, పేరు మాత్రం ఇంకా అటే చూపిస్తోంది. ఆ ఖాళీ జాగాలో విదేశీ ముఠా దిగింది."

"దిగి?"

"విషవాయువు లీకైంది, రేవుకి పరిగెత్తండి అని పేజీ రాసి పెట్టుకున్నారు. ఇవాళ జూన్ రెండు, దేశం కోసం ప్రాణాలిచ్చిన వీరుల రోజు. పన్నెండింటికి వీరుల సైరన్ ఒక్కసారే మోగాలి. సైరన్ కంట్రోలు వాళ్ళ చేతికి పోయింది, రెండోసారీ మోగిస్తారు. ఎందుకా అని జనం ఫోన్లలో వెతుకుతారు. మెయిన్ సైట్ నుంచి ఆ పేరుకి నలభై లింకులున్నాయి. సెర్చ్ ఇంజన్ దాన్నే అన్నిటికంటే పైన చూపిస్తుంది. చివర ఊరి పేరుంటే ఎవడు అనుమానిస్తాడు?"

రేవులో బడిపిల్లలు పువ్వులు పట్టుకుని ఉన్నారు. వాళ్ళలో అతని ఏడేళ్ళ కూతురు బిల్యానా ఉంది. అక్కడివి ఇరుకు మెట్లు. వేలమంది తోసుకొస్తే పిల్లలు నలిగిపోతారు.

"అక్కడికి మనుషుల్ని పంపాను, టైముకి అందుతారో లేదో. ఆ పేరు తీసేసే పాస్‌వర్డ్ పెంకో దగ్గరే ఉంది. ఫోన్ ఎత్తడం లేదు. మన ఏజెంట్ ఐవెలీనా అతన్ని వెతుకుతోంది. నువ్వూ కదులు!"

పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ వేషంలో జహారి చౌరస్తాకి చేరాడు. విగ్రహం దగ్గర నల్లకోటు వేసుకుని, ల్యాప్‌టాప్ సంచితో పెంకో నిలబడి ఉన్నాడు. పక్కనే ఎర్రగౌనులో ఐవెలీనా. డిపార్టుమెంటులో అంత అందగత్తె లేదు, అంత నమ్మకస్తురాలూ లేదు.

"గులాబీలు విచ్చాయా?" జహారి అడిగాడు.

"విచ్చి రాలిపోయాయి," అంది ఐవెలీనా.

పెంకో చేత ఆ పేరు తీయించేశానని ఆ గుర్తుమాటకి అర్థం. జహారి గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాడు.

సైరన్ మొదలైంది. బస్సు ఆగింది. వెయిటర్ పళ్ళెంతో సహా ఆగిపోయాడు. చౌరస్తా మొత్తం కదలకుండా నిలబడింది.

ఐవెలీనా బొటనవేలు మాత్రం ఫోన్ మీద చకచకా కదులుతోంది.

జహారికి అర్థమైంది, ఈమె ముఠా మనిషి. ఈ దేశపు యాస, నాట్యం, చివరికి తిట్లు కూడా నేర్చుకున్న మనిషి! బల్గేరియాలో పుట్టి పెరిగినవాళ్ళెవరూ ఈ సైరన్‌కి వేలైనా కదపరు. అతను ఒక్క ఉదుటున ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"సిగ్గులేదట్రా!" పక్కనున్న ముసలావిడ పళ్ళు బిగించి అంది.

"లేటయ్యావు జహారీ," ఐవెలీనా నవ్వింది. "పేజీ తెరిచేశాను."

"పెంకో బాబాయ్! పడవ పందేల పేరు కొట్టెయ్!"

పెంకో కదల్లేదు. కళ్ళు మాత్రం తిప్పాడు.

"రేవులో నా కూతురుంది బాబాయ్! నీ కాళ్ళు పట్టుకుంటాను!"

సైరన్ మోగుతుండగానే, జీవితంలో మొదటిసారి ఆ మర్యాద తప్పి, పెంకో మెట్టు మీద కూలబడి ల్యాప్‌టాప్ తెరిచాడు.

"మా ఆవిడ గెలిచిన పందేలురా అవి," గొణిగాడు. "ఫోటోలు ఎలాగూ పోయాయి. పేరైనా ఉండనీ అనుకున్నాను."

తొందరలో కొట్టిన పాస్‌వర్డ్ తప్పయింది. సైరన్ ఆగింది. మళ్ళీ కొట్టాడు. రెండో సైరన్ లేచింది. చౌరస్తా నిండా ఫోన్లు బయటికొచ్చాయి. ముసలావిడ అన్నిటికంటే పైనున్న లింకు మీద వేలు పెట్టబోయింది.

పెంకో కళ్ళు మూసుకుని మీట నొక్కాడు.

ఆవిడ ఫోన్లో చక్రం తిరిగింది, తిరిగింది. 'పేజీ దొరకలేదు.'

"మన ఊరి సైట్ ఏనాడు తెరుచుకుంది గనక!" ఆవిడ ఫోన్ సంచిలో పడేసింది. ఇది కూడా వీరుల కోసమే అనుకుని నిటారుగా నిలబడింది. ఆవిణ్ణి చూసి పక్కవాళ్ళు, వాళ్ళని చూసి చౌరస్తా అంతా నిలబడింది.

జహారి టైపిన్‌లో దాచిన స్పీకర్లోంచి కల్నల్ గొంతు వినిపించింది. "రేవులో అంతా బాగానే ఉంది. మీ పాప పువ్వులు పట్టుకునే ఉంది."

ఐవెలీనా చేతికి బేడీ వేస్తుంటే ముసలావిడ మళ్ళీ కసిరింది. "ఈసారైనా కదలకుండా నిలబడు నాయనా!"

జహారి నిలబడ్డాడు. బేడీ రెండో కొస మాత్రం తన మణికట్టుకి తగిలించుకున్నాడు.